రెండు దగ్గర లేచిన భుజం

శుక్రవారం 1141

తొలి కుస్తీ గురించి రాయడం సిరా దండగ. రెండో బొగ్గుబావి మొనగాడూ అయిదో బావి మొనగాడూ పావుగంట సేపు ఒకరి మెడ ఒకరు పట్టుకుని తూగారు. పెళ్లి భోజనం అయ్యాక నిద్ర ఆపుకుంటున్న వియ్యంకుల్లా ఉన్నారు. ఒక దీపం ఇస్తున్నాను. అది కూడా గోదా ఊడ్చినవాడికి.

చివరి కుస్తీ మాత్రం వేరే సంగతి. మా ఏడో బావి బొగ్గురాణికీ మూడో బావి పిడుగుకీ పోటీ. బొగ్గురాణి మా బావికి దేవత, మిగతా ఎనిమిది బావులకూ రాక్షసి. ఎనిమిదో నిమిషంలో పిడుగు ఆమెను ఎత్తి వెనక్కి వేసింది. మెడ మీద పడింది. అక్కడి నుంచి చివరిదాకా బొగ్గురాణి ఎడమ చేతిని చచ్చుపడినట్టు వేలాడదీసింది. తాడు అందుకోబోయి జారిపోవడం, ఎడమచేత్తో తొడ కొట్టబోయి ఆగి కుడిచేత్తో కొట్టడం, ఎంత బాగా చేసిందో! పడటం ఎవరైనా నేర్చుకుంటారు. పడ్డ సంగతి ఒళ్లంతా గుర్తుపెట్టుకోవడం కొద్దిమందికే వస్తుంది. ఎనిమిదేళ్ల నా రాతల్లో ఐదు దీపాలు రెండేసార్లు ఇచ్చాను. ఇది మూడోసారి.

ఇట్లు, దుర్గం ఓదెలు, పుట్టగొడుగుల మడి 14, ఏడో బావి. పూర్వం రెఫరీ.

(ఇక్కడిదాకా సూత్రధారికి పంపాను. తొమ్మిది బావుల నుంచీ శనివారం వెళ్లే సమీక్షలన్నీ చదివి, వచ్చే శుక్రవారం ఎవరు గెలవాలో, ఎవరు ఎలా పడాలో రాసేది ఆ యంత్రమే. గోదాలో నిలబడి వచ్చిన పాతవాళ్ల మాటకు పది మాటల బరువు ఇస్తుందంటారు. కింద రాసేది నా కోసం.)

బొగ్గురాణి అసలు పేరు భూలక్ష్మి. మా అక్క బిడ్డ. బావి కప్పు కూలి మా అక్కాబావలు పోయినప్పుడు దానికి ఆరేళ్లు. ఈ మడిలోనే, పొట్టు బస్తాల మీద, పడటం నేర్పాను. నాలుగేళ్ల కిందట గోదాకు ఎంపికై ఒకటో బావికి వెళ్లిపోయింది. కథ బయటపడకూడదని గోదా మనుషులను చుట్టాలతో కలవనివ్వరు, ఉత్తరం రాయనివ్వరు. కాకపోతే ఆదివారం పూట సూత్రధారికి నచ్చిన సమీక్షలు వాళ్లకు చదివి వినిపిస్తారు. ఈ ఆదివారం అది నా ఐదు దీపాలు వింటుంది. పొద్దుటి నుంచి మడిలో ఈల వేస్తూ తిరుగుతున్నానని పక్క మడి కనకవ్వ దెప్పింది. వేస్తే వేశాను.

శుక్రవారం 1142

పొరపాటు చేశాను.

ఈ వారం పిడుగు మైకు ముందు నిలబడి సవాళ్లు విసురుతోంది. తొమ్మిది బావులూ దాన్నే చూస్తున్నాయి. వెనక, వెలుతురు సరిగా పడని బల్ల మీద భూలక్ష్మి కూర్చుని ఉంది. అది పుట్టుకతోనే ఎడమచేతి వాటం. అలవాటుగా ఎడమచేత్తో నీళ్ల గ్లాసు ఎత్తింది. గ్లాసు జారిపోయింది. అది కిందపడ్డ గ్లాసును చూసింది, తర్వాత తన చేతిని చూసుకుంది. కుడిచేత్తో ఆ ఎడమచేతిని ఎత్తి, ఒళ్లో పెట్టుకుని, పైన తువ్వాలు కప్పింది.

నటించేవాళ్లు జనం చూసేచోట నటిస్తారు. అది ఎవరూ చూడొద్దనుకుని దాచుకుంది.

ఆ తర్వాత కుస్తీలో పిడుగు మూడుసార్లు మెడకే గురిపెట్టింది. ఎందుకు పెట్టదు? నేను మెచ్చుకున్నాను కదా. నేనిచ్చిన ఐదు దీపాలనూ సూత్రధారి తీసుకెళ్లి నా మేనకోడలి మెడ మీదే పెట్టింది. రెఫరీగా పద్నాలుగేళ్లు ఉన్నాను. మెడలో నరం నలిగితే చెయ్యి ఎలా వేలాడుతుందో ఇద్దరిలో చూశాను. ఒకడు మంచాన పడ్డాడు. ఇంకొకడు ఆ తర్వాతి వారం ఇంకోసారి అదే మెడ మీద పడి, లేవలేదు.

మా కాలంలో ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా గట్టిగా పడితే రెఫరీ వెళ్లి పక్కన మోకాలి మీద కూర్చుని చెయ్యి పట్టుకుంటాడు. లెక్కపెడుతున్నట్టు కనబడుతూ రెండుసార్లు నొక్కుతాడు. పడ్డవాళ్లు తిరిగి రెండుసార్లు నొక్కితే బాగానే ఉన్నట్టు. నొక్కకపోతే రెఫరీ చేతులు రెండూ పైకెత్తి కత్తెర వేస్తాడు. కత్తెర పడిందంటే కథ ఆగిపోవాలి, స్ట్రెచర్ రావాలి. ఎనిమిదేళ్ల కిందట మమ్మల్ని తీసేసి పైనుంచి వేలాడే ఇనుపచెయ్యి పెట్టారు. అది లెక్క తప్పదు, ముసలిదవదు, ఎవరి మాటా వినదు. ఎవరి చెయ్యీ పట్టుకోదు.

ఇప్పుడు ఆ గోదాలో నా కోడలు పడితే చెయ్యి పట్టుకుని అడిగేవాళ్లు లేరు. నాకు చాలా భయంగా ఉంది.

శుక్రవారం 1143

ఉన్నది ఉన్నట్టు రాసి పంపాను. “భూలక్ష్మి మెడకు నిజంగా దెబ్బ తగిలింది. ఇది నటన కాదు. పోయిన వారం నేను రాసింది తప్పు. దయచేసి దాన్ని గోదా దించండి, అసలు వైద్యుడికి చూపించండి.” ఇంత సూటిగా నా జన్మలో ఏదీ రాయలేదు.

శుక్రవారం తెర వెలగగానే నా ఉత్తరమే వచ్చింది. వెనక వేణువు పెట్టారు. ఎవరో నాలాంటి ముసలి గొంతుతో, మధ్యమధ్యలో దగ్గుతూ చదివారు. “బొగ్గురాణి మేనమామ కన్నీటి లేఖ” అని పేరు కూడా పెట్టారు. తర్వాత తెల్లకోటు వేషగాడొకడు వచ్చి, ఈ చెయ్యి ఇక పనిచెయ్యదు, అయినా ఆమె తగ్గనంటోంది అని ప్రకటించాడు. గాలిపండుగ నాడు, అంటే మన బావుల్లో పెద్ద ఫ్యాను మొదటిసారి తిరిగిన రోజున, బొగ్గురాణీ పిడుగూ ఇరవై అడుగుల నిచ్చెన ఎక్కి కొట్టుకుంటారట. ఒకరు నిచ్చెన మీంచి పడేదాకా ఆగదట. పడేది భూలక్ష్మే. ఇంకా అయిదు వారాలు ఉంది.

కనకవ్వ గిన్నెడు ఉడికించిన గుడాలు తెచ్చి పెట్టింది. ఆమెకు భూలక్ష్మి అంటే ప్రాణం, చిన్నప్పుడు దానికి జడలు వేసింది ఆమే.

“ఏం రాసినవ్ ఓదెలన్నా,” అంది. “నా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.”

“కనకవ్వా, అది నిజం. పిల్లకు నిజంగ దెబ్బ తాకింది.”

ఆమె నా మొహం చూసి, అటూ ఇటూ చూసి, కన్నుగీటింది. “నాకు సుత చెప్పవా? సరే తియ్యి, నేనెవ్వలకు చెప్ప.”

గుడాల మీద మూత పెట్టి లేచాను. దారిచీటీలు ఇచ్చే రాజలింగు దగ్గరికి పోయాను. ఒకటో బావికి వెళ్లడానికి ఒక్కరోజు చీటీ అడిగాను. గోదా మనుషులతో చుట్టాలు కలవడానికి లేదని నియమం చూపించాడు. అతను చెడ్డవాడు కాదు. వెళ్లొస్తుంటే, పండుగ నాడు ఎవరు గెలుస్తారో తనకొక్కడికీ చెప్పమని మెల్లగా అడిగాడు.

వాళ్లను అని లాభం లేదు. ఆరేళ్ల కిందట సూత్రధారి ఒక దొంగ కత్తెర రాసింది. నాలుగో బావి కుర్రాడొకడు కాలు విరిగినట్టు పడ్డాడు, అతని జోడీ పైకి కత్తెర వేశాడు, స్ట్రెచర్ వచ్చింది, అందరూ ఏడ్చారు. పది నిమిషాల తర్వాత ఆ కుర్రాడే స్ట్రెచర్ మీంచి లేచి శత్రువును కొట్టాడు. కత్తెరను అబద్ధానికి వాడటం అదే మొదటిసారి. ఒక్క ముసలి రెఫరీ గట్టిగా తిట్టి ఉంటే సూత్రధారి మళ్లీ దాని జోలికి పోయేది కాదు. నేను దానికి ఐదు దీపాలు ఇచ్చాను. నా మొదటి ఐదు దీపాలు అవే. తర్వాత ఏడాదికి నాలుగు దొంగ కత్తెరలు వచ్చాయి. ఇప్పుడు కత్తెర పడితే జనం చప్పట్లు కొడతారు. దాన్ని చంపింది నేను.

శుక్రవారం 1144

నిజం పనిచెయ్యకపోతే విసుగు పనిచేస్తుందేమో అనుకున్నాను. జనానికి విసుగు పుట్టిన కుస్తీని సూత్రధారి మూలన పడేస్తుంది కదా. అందుకని ఇలా రాశాను: “బొగ్గురాణి చచ్చుచెయ్యి కథ చద్దిదైపోయింది. చూస్తూ చూస్తూ నిద్రపోయాను. ఒక్క దీపం.” మా వరసలో పదకొండు ఇళ్లు తిరిగి అందరి చేతా అలాగే రాయించాను. నేనేదో లోపలి మర్మం తెలిసి ఆడిస్తున్నాననుకుని సంతోషంగా రాశారు.

దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, ఆ యంత్రానికి తెలిసిన వైద్యం ఒక్కటే. విసుగు అంటే కారం పెంచమని అర్థం. ఈ శుక్రవారం ప్రకటించారు: నిచ్చెన ముప్పై అడుగులు. పండుగ కుస్తీని ఒక వారం ముందుకు జరిపి 1147వ శుక్రవారమే పాటు, అంటే నిచ్చెన మీంచి పడటం.

పది అడుగులు నేను పెంచాను. ఒక వారం నేను తగ్గించాను.

భూలక్ష్మి గోదాకు నడిచొస్తుంటే ఎడమ కాలు కూడా కొంచెం ఈడ్చింది. జనానికి కనబడేంత కాదు, నాకు కనబడేంత. తాళ్ల మధ్య నుంచి లోపలికి వంగేటప్పుడు తల దించలేదు. మెడ వంచలేక మోకాళ్లు వంచి దూరింది. తెర ముందు నేను లేచి నిలబడి దానితో మాట్లాడానట. కనకవ్వ చెప్పింది. నాకు గుర్తు లేదు.

మడిలో రెండు వరసల పుట్టగొడుగులు నల్లబడ్డాయి. తడపడం మరిచిపోయాను.

శుక్రవారం 1145

బుధవారం మొదటి షిఫ్టుకు పోకుండా ఒకటో బావి వైపు పాత సొరంగంలో నడిచాను. చీటీ లేదు, ఏమీ లేదు. మూడు గంటలు నడిస్తే ఇనుప తలుపు వచ్చింది. అరచేతులు వాచేదాకా బాదాను. కాపలా ఇద్దరు వచ్చారు. కొడతారేమో అనుకున్నాను. నన్ను గుర్తుపట్టి, మేనమామ నువ్వేనా అని కూర్చోబెట్టి నీళ్లిచ్చారు. తలుపు ముందు ఏడవమని సూత్రధారే చెప్పిందా అని అడిగారు. నేను ఏడుస్తూనే ఉన్నాను. భలే చేస్తున్నావు పెద్దయ్యా అన్నారు.

తిరిగొస్తూ దారిలో కూలబడ్డాను. లాంతరు ఆర్పుకుని చీకట్లో చాలాసేపు కూర్చున్నాను. ఆ తలుపు నిజానికి తెరుచుకోదు. రాజలింగు చీటీ నిజానికి రాదు. ఈ తొమ్మిది బావుల్లో ఎక్కడికైనా దారి ఉందంటే అది కథకే ఉంది. అయితే కథే చెబుతాను.

ఈ శనివారం పంపింది ఇదీ:

“ఇన్నాళ్లు ఏడ్చినందుకు సిగ్గుపడుతున్నాను. బొగ్గురాణి విశ్వాసం లేని మనిషి. పెంచిన చేతిని నాలుగేళ్లుగా తలుచుకోలేదు. దాని చేతికి ఏ దెబ్బా లేదు, జాలి కోసం వేషం. పాటు నాడు ఇనుపచెయ్యిని పక్కన పెట్టి నన్ను రెఫరీగా దించండి. నా చేతుల్తో దాని భుజాలు నేలకు ఆనగా మూడు లెక్కపెడతాను. ఓడితే గోదా వదిలేసి ఏడో బావికొచ్చి నా మడిలో పుట్టగొడుగులు కొయ్యాలి. దీని మొహానికి రెండు దీపాలు. రెండే రెండు.”

ఆదివారం ఇది దానికి చదివి వినిపిస్తారు. ఎడమచెయ్యి రాక, అన్నం కుడిచేత్తో తింటూ, అది ఇది వింటుంది. రెండు అంటే ఏమిటో దానికి తెలియాలి. చిన్నప్పుడు పొట్టు బస్తాల మీద పడ్డ ప్రతిసారీ దాని చెయ్యి రెండుసార్లు నొక్కేవాడిని. గుర్తుంటే అర్థమవుతుంది. లేకపోతే నా కోడలు నేను అన్న మాటలు నిజమనుకుని నిచ్చెన ఎక్కుతుంది.

శుక్రవారం 1146

చీటీ వచ్చింది. రాజలింగే ఇంటికి తెచ్చి ఇచ్చాడు. నా కళ్లల్లోకి చూడలేదు.

మా వరసలో నాతో ఎవరూ మాట్లాడటం లేదు. కనకవ్వ వాకిట్లోకొచ్చి, తల్లి లేని పిల్లను ఇట్ల అమ్ముకుంటవా, నీ మొఖం సూస్తే పాపం అని, అప్పుడు గుడాలు పెట్టిన గిన్నె తిరిగి పట్టుకుపోయింది. మూడు వారాలు నెత్తీనోరూ బాదుకున్నా నా నిజం నమ్మనిది, ఒక్క అబద్ధం వెంటనే నమ్మేసింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తెర మీద నా రాత చదువుతుండగా భూలక్ష్మి మొహం చూపించారు. చివర్లో కుడిచేత్తో తొడ కొట్టింది. రెండుసార్లు. అది ఎప్పుడూ మూడుసార్లు కొడుతుంది. మూడోది కొట్టే ఓపిక లేకా, నాకు జవాబా? అప్పటి నుంచీ ఇదే ఆలోచన.

చీటీతో పాటు నా వేషం కథ వచ్చింది, ఒక కాగితం. రెండో నిమిషంలో పిడుగు గురి తప్పి మోచేతి దెబ్బ రెఫరీకి తగులుతుంది. రెఫరీ స్పృహ తప్పి పడి ఉంటాడు. నిచ్చెన దిగుతుంది. బొగ్గురాణి పైదాకా ఎక్కుతుంది, పడుతుంది. అప్పుడు రెఫరీ పాక్కుంటూ వచ్చి మూడు లెక్కపెడతాడు. కథ తప్పితే ఇనుపచెయ్యి దిగి రెఫరీని బయట పెడుతుంది.

అంటే నేను కళ్లు మూసుకుని పడి ఉండగా అది చచ్చిపోవాలి. తర్వాత నేను లేచి లెక్కపెట్టాలి.

శుక్రవారం 1147

ఇది ఒకటో బావిలో, వైద్యశాల వరండాలో కూర్చుని రాస్తున్నాను. కుస్తీ అయిపోయి రెండు గంటలైంది.

గంట కొట్టేదాకా దాన్ని నాకు చూపించలేదు. చారల చొక్కా వేసుకుని గోదాలోకి ఎక్కితే ఎనిమిది బావుల జనం నాకు చప్పట్లు కొట్టారు, మా ఏడో బావి వాళ్లు తిట్టారు. భూలక్ష్మి వచ్చింది. నాలుగేళ్ల తర్వాత అంత దగ్గరగా చూశాను. మొహానికి రంగు దట్టంగా పూశారు, కానీ రంగు కింద పెదవులు తెల్లగా ఉన్నాయి. నా వైపు చూడలేదు.

మొదటి నిమిషంలోనే పిడుగు తోస్తే మూలకు పడింది. నేను పరుగెత్తాను. కథలో లేదు, అయినా రెఫరీ పడ్డవాళ్ల దగ్గరికి పోవడం తప్పని ఏ యంత్రమూ అనదు. ఎడమ చెయ్యి పట్టుకుని రెండుసార్లు నొక్కాను. చల్లటి మాంసం. కుడిచెయ్యి పట్టుకున్నాను. నేను నొక్కకముందే అది నొక్కింది. రెండుసార్లు.

“మామా,” అంది, పెదవులు కదపకుండా. “నేను నిచ్చెన ఎక్కలేను.”

లేచి నిలబడి చేతులు రెండూ పైకెత్తి కత్తెర వేశాను. నా బతుకులో వేసిన అన్ని కత్తెరల కన్నా గట్టిగా వేశాను. తొమ్మిది బావులూ లేచి నిలబడి కేకలు పెట్టాయి, ఆనందంతో. పైన గొలుసులు కదిలి నిచ్చెన దిగడం మొదలైంది. నిచ్చెన పక్కనే ఇనుపచెయ్యి వేళ్లు విప్పుకుంది.

పిడుగు నా మీదికి మోచెయ్యి ఎత్తి వచ్చింది. నేను పడాల్సిన చోటు అదే. ఆ అమ్మాయికి ఇరవై రెండేళ్లుంటాయి. దగ్గరికి వచ్చాక చూశాను, ఆమె కళ్లల్లో నీళ్లున్నాయి. ఆమెకు తెలుసు. పక్కపక్క గదుల్లో ఉంటారు, ఎందుకు తెలియదు?

“బిడ్డా,” అన్నాను, “నన్ను కొట్టకు. పోయి దాని మీద పండు.”

“గది కథల లేదు.”

“లెక్క నా చేతిల ఉన్నది. పోయి పండు.”

ఆమె ఒకసారి పైకి, నిచ్చెన వైపు చూసింది. మోచెయ్యి దించేసింది. వెళ్లి భూలక్ష్మి మీద వాలింది. బరువంతా తన చేతుల మీదే ఆనించుకుని, పసిపిల్ల మీద వాలినట్టు వాలింది. నేను నేల మీద పడి లెక్క మొదలుపెట్టాను. ఒకటి. అరచెయ్యి గోదాకు తగిలిన చప్పుడు విని జనం కేకలు ఆగాయి. రెండు.

రెండు దగ్గర నా కోడలి కుడి భుజం లేచింది.

అలవాటు. ఆరేళ్లప్పటి నుంచీ పొట్టు బస్తాల మీద నేను నేర్పిందే, ప్రాణం పోతున్నా రెండుకు భుజం లేవాలని. ఒళ్లు కదలకపోయినా ఆ భుజానికి నేర్పింది గుర్తుంది. భుజం లేస్తే లెక్క చెల్లదు. లెక్క చెల్లకపోతే నిచ్చెన.

పద్నాలుగేళ్లలో పోటీ మధ్యలో ఏ మల్లుడి ఒంటి మీదా లెక్కకు అడ్డంగా చెయ్యి వెయ్యలేదు. అది రెఫరీ చెయ్యకూడని ఒకే ఒక్క పాపం. నా ఎడమ అరచెయ్యి దాని భుజం మీద పెట్టి నేలకు నొక్కాను. దాని కళ్లు తెరుచుకుని నన్ను చూశాయి. కుడిచేత్తో నేలను కొట్టాను. మూడు.

గంట మోగింది. యంత్రానికి కూడా గంట మోగాక చేసేదేమీ లేదు.

తర్వాత సీసాలు పడ్డాయి, చెప్పులు పడ్డాయి. స్ట్రెచర్ రాలేదు, కథలో స్ట్రెచర్ లేదు కదా. నేనూ పిడుగూ కలిసి ఆ నిచ్చెన చివరి భాగం ఊడదీసి, దాని మీదే భూలక్ష్మిని పడుకోబెట్టి మోసుకొచ్చాం. పిడుగు నెత్తికి సీసా తగిలి రక్తం కారుతోంది. ఆమె ఒక్కసారి కూడా చెయ్యి వదల్లేదు.

శుక్రవారం 1152

ఓడినవాళ్లు ఇంటికి పోవాలన్న షరతు నేను రాసిందే. జనం ముందు చదివిన షరతు కాబట్టి సూత్రధారి కాదనలేకపోయింది. భూలక్ష్మి ఏడో బావికి వచ్చి నాలుగు వారాలైంది. మెడకు పట్టా ఉంది. మా బావి డాక్టరమ్మ అసలు డాక్టరే. మెడ ఎముక పక్కకు జరిగిందనీ, ఇంకొక్క పాటు పడి ఉంటే ఊపిరి అందేది కాదనీ చెప్పింది. కాలు బాగవుతుందట. ఎడమచెయ్యి గురించి ఏమీ మాట ఇవ్వలేనంది.

నేను ఇప్పుడు తొమ్మిది బావుల్లోనూ దొంగ రెఫరీని. దారిలో పిల్లలు నన్ను చూసి భుజం తడుముకుని నవ్వుతారు. దానికి నాకు బాధ లేదు. బాధల్లా ఒక్కటే, భూలక్ష్మిని ఎవరూ నమ్మరు. మడి ముందు మెడ పట్టాతో కూర్చుంటే, వచ్చేపోయేవాళ్లు కన్నుగీటి, పగ ఎప్పుడు తీర్చుకుంటవ్ రాణీ అని అడుగుతారు. తిరిగొచ్చే కథ కోసం ఇదంతా దాస్తున్నామనుకుంటారు. అది మొదట్లో చెప్పి చూసింది. ఇప్పుడు ఊరుకుంటోంది. నిన్న ఒకాయన, రెండు నెలలకు పైగా వేషం వదలకుండా ఉన్నావంటే నువ్వు గొప్పదానివి అని దండం పెట్టి పోయాడు. అది వాకిట్లోంచి లేచి లోపలికి వచ్చి గోడవైపు తిరిగి పడుకుంది.

ఈ మధ్యాహ్నం కనకవ్వ వచ్చింది. నాతో మాట్లాడదు కానీ దానికి జడ వేస్తుంది. జడ వేస్తూ వేస్తూ, నా దగ్గర కూడా నాటకమా అని నవ్వుతూ జాకెట్టుకున్న పిన్నీసు తీసింది. ఇప్పుడు దొరుకుతావు చూడు అన్నట్టు నా వైపు కన్నుగీటి, వెనక నుంచి దాని ఎడమ అరచేతిలో గుచ్చింది. కొంచెం లోతుగానే దిగింది.

భూలక్ష్మి పుట్టగొడుగుల బుట్ట గురించి ఏదో చెబుతోంది. చెబుతూనే ఉంది. చేతిలో రక్తపు బొట్టు ఊరి మణికట్టు మీదికి జారింది. అది చెబుతూనే ఉంది.

కనకవ్వ పిన్నీసు బయటికి తీసింది. తర్వాత కొంగుతో ఆ రక్తం తుడిచింది. దానికి తెలియకుండా తుడవాలని చాలా మెల్లగా తుడిచింది. జడ పూర్తి చేసింది. పోతూ పోతూ నా ముందు ఆగింది.

“రాసినవ్ గదా అన్నా,” అంది. “మొదట్లనే రాసినవ్. నేనే గుడాలు వెట్టిన.”

సాయంత్రం రెండో షిఫ్టు దిగాక మా వరసలో అన్ని తెరలూ వెలిగాయి. కనకవ్వ ఇంట్లో వెలగలేదు. ఆమె పక్క ఇంట్లో వెలిగి, కాసేపటికి ఆరిపోయింది. ఏం చెప్పిందో తెలియదు. నేను వాకిట్లో నిలబడి ఆ రెండు చీకటి కిటికీలు చూస్తూ ఉండిపోయాను.

లోపలికి వస్తే భూలక్ష్మి నా పుస్తకం కుడిచేత్తో ముందుకు తోసింది. పండుగ కుస్తీకి నువ్వు సమీక్ష పంపనేలేదు, రాయి అంది. ఎట్లా రాయమంటావు అన్నాను. ఎప్పుడూ రాసినట్టే రాయమంది. అందుకని రాస్తున్నాను:

“గాలిపండుగ కుస్తీ. నిచ్చెన దించారు, ఎవరూ ఎక్కలేదు. రెండు నిమిషాలు కాకముందే ముగిసింది. రెఫరీ పచ్చిమోసం చేశాడు. బొగ్గురాణి భుజం లేచిన మాట వాస్తవం. ఇరవై రెండేళ్ల గోదా చరిత్రలో ఇంత చెత్త ముగింపు లేదు. దీపాలు సున్నా.”

చదివి వినిపించాను. మెడ కదపకుండా కళ్లతో నవ్వింది.

“రెండుకు లేసిన గద మామా?”

“లేసినవ్ బిడ్డా. మంచిగ లేసినవ్.”

దాని ఎడమచెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాను. పిన్నీసు గుచ్చిన చోట చిన్న ఎర్ర చుక్క ఉంది. రోజూ చేసినట్టే రెండుసార్లు నొక్కి ఆగాను.